షాపులో తెరుచుకుంటుంది, ఇంట్లో తెరుచుకోదు

వదినా ఆడపడుచుల మధ్య నిప్పు పెట్టింది మీరే. టైరు షాపు పైన గదులు అద్దెకు తీసుకుని, గాజు తలుపు మీద పేరు రాయించుకుని, ఊళ్ళో ఆడవాళ్ళ చేత ఇళ్ళల్లోనే టైపు చాకిరీ చేయించుకుంటున్న పెద్దమనుషులారా, మిమ్మల్నే. మాకేం తెలుసు, వాళ్ళింట్లో వాళ్ళే తన్నుకున్నారు అని చేతులు దులుపుకోకండి. అగ్గిపుల్ల గీసి గడ్డివాములో పారేసినవాడు, గడ్డి మరీ ఎండిపోయి ఉంది అంటే చెల్లదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు ముందే తెలుసు. తెలియనిది మిగతావాళ్ళకి. వాళ్ళు వినాలి కాబట్టి మొదటినుంచీ.

ఆమెను ఆ వీధి వీధంతా టైపు వదిన అంటుంది. ఆడపడుచు వదినా అని పిలుస్తుంటే విని పక్కింటివాళ్ళూ వదినే అన్నారు, చివరికి ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా వరస మరిచిపోయి అదే పిలుపు పట్టుకున్నారు. ఆమె చేసే పని టైపు. రోడ్డు మీదో ఫ్యాక్టరీలోనో దెబ్బతిన్నవాళ్ళు పరిహారం కోసం విచారణ కార్యాలయానికి వెళ్తారు. అక్కడ వాళ్ళు చెప్పేదీ, అవతలివాళ్ళు అడ్డుపడేదీ, అధికారి విసుక్కునేదీ అంతా రికార్డు అవుతుంది. ఆ రికార్డులను కంపెనీ టోకున తీసుకుని ఇళ్ళకు పంచుతుంది. చెవులకు హెడ్‌ఫోన్, చేతులకు కీబోర్డు, కుడికాలికి పెడల్. పెడల్ తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో నొక్కితే నాలుగు మాటలు వెనక్కి పోతుంది. కుట్టుమిషన్ తొక్కినట్టే. బట్టకు బదులు ఏడుపులు కుట్టడం.

ఆ పెడల్ కంపెనీది. మొదటిరోజు కంపెనీలో పని పంచే మేడమ్ ఇంటికొచ్చి, దానితోపాటు వచ్చిన ప్రోగ్రామ్‌ను తనే ఇన్‌స్టాల్ చేసి, ఏ ప్రశ్న వచ్చినా అవును నొక్కమని నేర్పి, ఒక్క నియమం చెప్పి వెళ్ళింది: పెడల్ వైరు ఎప్పుడూ ఊడదీయొద్దు. తీస్తే మళ్ళీ నమోదు చేయాలి, ఆలోగా మీ పని ఇంకొకరి ఒళ్ళో పడుతుంది. అంతే. ఆ మాట విన్న ఆడవాళ్ళెవరూ మళ్ళీ ఆ వైరు జోలికి వెళ్ళలేదు. టైపు వదిన అత్తగారు నేల తుడిచేటప్పుడు బల్ల కింద ఆ కాస్త మేరా వదిలేస్తుంది. ఇల్లంతా అద్దంలా మెరుస్తుంటే పెడల్ చుట్టూ మాత్రం పాము చుట్ట చుట్టుకున్నట్టు ధూళి.

ఇలా ఉండగా విచారణ కార్యాలయమే నేరుగా టైపిస్టులను తీసుకుంటోందని తెలిసింది. మధ్యలో కంపెనీ ఉండదు. అంతకంటే పెద్ద సంగతి, టైపు చేసిన ప్రతి కాగితం కిందా చేసినవాళ్ళ పేరు పడుతుంది. ఇన్నేళ్ళూ టైపు వదిన చెవులు హోరెత్తేలా విని రాసిన కాగితాల కింద కంపెనీ ముద్రే ఉంది. ఒకసారి ఏదో కేసులో ఆమె రాసిన ఒక్క మాట పట్టుకుని ఓ కూలీకి న్యాయం జరిగిందని విని, ఆ రాసింది నేనే అని చెప్పుకోవడానికి ఏ ఆధారమూ లేక నోరు మూసుకుంది. అందుకే ఈ ప్రకటన చూడగానే ఆమెకు ఆకలి తెలియలేదు.

పరీక్ష ఇంటినుంచే రాయొచ్చు. కార్యాలయం ఇచ్చే పరీక్ష ప్రోగ్రామ్‌ను కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి, శనివారం సాయంత్రంలోగా రాసేయాలి. దాటితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో వాళ్ళకే తెలియదు. దరఖాస్తు సంగతి ఆమె భర్తకు మాత్రం చెప్పింది. తోటి టైపు ఆడవాళ్ళందరూ ఉన్న ఫోన్ గ్రూపులో ఊపిరి కూడా వదల్లేదు, ఎందుకంటే ఆ గ్రూపులో మేడమ్ కూడా ఉంటుంది.

సోమవారం ఇన్‌స్టాల్ చేయబోయింది. పచ్చగీత సగందాకా పాకి ఆగిపోయింది. తెర మీద మాటలు వచ్చాయి: "ఈ తెరను పంచుకునే ప్రోగ్రామ్ నడుస్తోంది. దాన్ని ఆపి మళ్ళీ ప్రయత్నించండి."

తెర పంచుకోవడం అంటే ఆ ఇంట్లో ఒక్కరే. ఆడపడుచు ఇళ్ళ నక్షాలు గీసే చదువు చదువుతోంది. మధ్యాహ్నాలు కంప్యూటర్ ఆమెది. గీసిన గోడలూ మెట్లూ తోటివాళ్ళకు చూపించుకోవడానికి ఏదో ప్రోగ్రామ్ పెట్టుకుంది. అడిగితే ఆ పిల్ల కిక్కురుమనకుండా దాన్ని తీసేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టారు. మళ్ళీ పచ్చగీత, మళ్ళీ అదే మాట.

అప్పటినుంచీ టైపు వదిన చేయని వైద్యం లేదు. ఫైలు పాడైందేమోనని మళ్ళీ దించింది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి చూసింది. యాంటీవైరస్ ఆపి చూసింది. చోటు చాలడం లేదేమోనని పాత ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తోలింది. నడుస్తున్న ప్రోగ్రాముల చిట్టా తెరిచి, తెలియని పేరు కనబడితే నొక్కేసింది, దాంతో శబ్దం పోయింది, శబ్దం కోసం ఇంకో పూట పోయింది. ఆ చిట్టాలో కంపెనీ పెడల్ ప్రోగ్రామ్ పేరు కూడా ఉంది. దాన్ని మాత్రం ఆమె చూపు ఆగకుండా దాటేసింది. అది అన్నం పెట్టేది కదా.

మంగళవారం మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ గొంతు ఎప్పుడూ నూనె రాసినట్టు ఉంటుంది.

"ఏమ్మా, మన పని చేదెక్కిందా? పెద్దాఫీసు మెట్లెక్కుతున్నావటగా."

టైపు వదిన ఫోన్‌ను చెవికి గట్టిగా నొక్కుకుంది. ఎవరు చెప్పారని అడిగింది. గాలికి నోరుంటుందమ్మా అని మేడమ్ నవ్వింది. ఫోన్ పెట్టేసే ముందు, మీ ఇంట్లో ఎవరో నక్షాలు చక్కగా గీస్తారటగా, మెట్ల కింద అలమారు పెట్టాలన్న ఆలోచన భలే ఉంది అని కూడా అంది.

ఫోన్ బల్ల మీద పెట్టి టైపు వదిన లెక్కలు వేసుకుంది. దరఖాస్తు సంగతి భర్తకు తెలుసు, ఆయనకు మేడమ్ ఎవరో కూడా తెలియదు. మెట్ల కింద అలమారు సంగతి గీసినవాళ్ళకే తెలియాలి. ఆడపడుచు స్నేహితురాలు ఒకత్తి కంపెనీలో చీటీలు రాసే పని చేస్తోంది. ఇంకేం కావాలి? అనుమానం ఉత్తరం ముక్క లాంటిది కాదు, చింపేస్తే పోవడానికి. అది పిండి పులిసినట్టు మూత కింద పొంగుతూనే ఉంటుంది. తనకు నేరుగా ఉద్యోగం వస్తే కంప్యూటర్ రోజంతా తనదే అవుతుంది, ఆ పిల్ల మధ్యాహ్నాలు పోతాయి. అందుకే పొమ్మనలేక పొగ పెడుతోందన్నమాట. వినయంగా ఆ ప్రోగ్రామ్ తీసేసిందంటే, ఇంకోటి దాచిపెట్టిందన్నమాట.

బుధవారం కంప్యూటర్ పెట్టెను బజారులో డబ్బా డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళారు. అప్పుడు కూడా పెడల్ వైరును తాకలేదు, బల్ల కింద అది గుచ్చి ఉన్న పొడుగు తీగను మాత్రం పెట్టె వైపు చివర ఊడదీశారు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, రేడియోల కాలం నుంచీ పెట్టెలు విప్పుతున్నాడు కాబట్టి ఆ పేరు. ఆయన పెట్టెకు తన తెరా తన కీబోర్డూ తగిలించి, పరీక్ష ప్రోగ్రామ్ ఎక్కించి టైపు వదిన ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కాడు. పచ్చగీత ఈ చివర నుంచి ఆ చివరకు సాఫీగా పాకింది. పరీక్ష ప్రోగ్రామ్ తెరుచుకుని, స్వాగతం అంది. ముందుకు వెళ్ళాలంటే కెమెరా ముందు ఆమె ముఖం చూపించాలంది, అది ఇంట్లో చేసుకోవచ్చులే అని ఇద్దరూ సంతోషించి పెట్టె కట్టేశారు.

ఇంటికి తెచ్చి, తీగలన్నీ తగిలించి, తెరిచింది. ప్రోగ్రామ్ కన్ను తెరిచినట్టే తెరిచి మూసేసింది. తెరను పంచుకునే ప్రోగ్రామ్ నడుస్తోంది.

మళ్ళీ షాపుకి. అక్కడ తెరుచుకుంది. మళ్ళీ ఇంటికి. మూసుకుంది. డబ్బా డాక్టరు రెండోసారి పెట్టె మీద చెయ్యేసి, ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, పెట్టెకి రోగం లేదు. నా దగ్గర గుర్రంలా లేస్తోంది, మీ ఇంటి గడప దాటగానే చచ్చినట్టు పడుకుంటోంది. పెట్టె సంగతి నాకొదిలెయ్. నువ్వు ఇంట్లో మనుషుల్ని చూసుకో."

అసలే కోతి, ఆపైన కల్లు తాగినట్టు అయింది. ఆమె ఇక చూసుకోవడం మొదలుపెట్టింది.

పాస్‌వర్డ్ మార్చింది. పనికాలేదు. ఎవరైనా తాకితే తెలుస్తుందని కీబోర్డు మీద పలచగా ముఖానికి రాసుకునే పౌడరు చల్లి బజారుకెళ్ళి వచ్చింది. వచ్చేసరికి కీబోర్డు తళతళలాడుతోంది. ఎవరో పౌడరు ఒలకబోశారమ్మాయ్, తుడిచేశాను, ఇంట్లో ఒక్కరికీ శుభ్రం లేదు అని అత్తగారు గొణిగింది. కూతురి వేలిముద్రలు తల్లి తుడుస్తోందని కోడలు లెక్క వేసుకుంది. గదికి తాళం వేసి చెవి నడుముకు దోపుకుంది. అయినా ప్రోగ్రామ్ మూసుకుంటూనే ఉంది. మారుతాళం చేయించారనుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు పెద్దలు అనుకుంది. ఇంట్లో దొంగే లేకపోతే ఏం పట్టాలో ఆ పెద్దలు చెప్పలేదు.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా చీకటి గొట్టాల్లో గ్రీజు పూసుకుని వచ్చి, ఈ ఇంట్లో అందరూ గోడలకు ఆనుకుని ఒకరినొకరు కొలుచుకుంటూ నడవడం చూసి చిరాకు పడ్డాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ముందు లోపలున్నవాళ్ళని బయటికి తీయాలి గానీ బటన్ ఎవరు నొక్కారని పంచాయితీ పెట్టకూడదు అన్నాడు. మీ చెల్లెలు కాబట్టి మీరలాగే అంటారని ఆమె అంది. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూత ఎగిరింది. ఆడపడుచు తన నక్షా పూర్తి చేసుకోవాలి, గది తాళం తీయమని అడిగింది. తీసేది లేదంది టైపు వదిన. ఎందుకని అడిగితే చెప్పేసింది, నాలుగు రోజులుగా కడుపులో పులుస్తున్నదంతా. మేడమ్‌కు చేరేసిందీ, దొంగచాటుగా ప్రోగ్రామ్ పెట్టిందీ, తల్లి చేత ముద్రలు తుడిపించిందీ అన్నీ. ఇంటి దొంగవి నువ్వే అని కూడా అంది.

ఆ పిల్ల ఏడవలేదు. మొహం మాత్రం సున్నం కొట్టినట్టు అయింది.

"నీ పెట్టె షాపులో పనిచేసి ఇంట్లో పనిచేయకపోతే ఆ తేడా నేనొక్కదాన్నేనా వదినా? షాపులో లేనివి ఈ ఇంట్లో ఇంకేం లేవా? గోడలున్నాయి, కరెంటుంది, నీ తీగలున్నాయి. అన్నీ వదిలేసి మనిషినే పట్టుకున్నావే, మనిషికి ప్లగ్గు ఉండదు కాబట్టి పీకడం తేలికనా?"

అని గుమ్మంలోనే చతికిలబడింది. నేను ఇక్కడే కూర్చుంటా, నువ్వు నీ కళ్ళతో చూసుకో అంది. అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది.

టైపు వదిన పౌరుషానికి పోయి తాళం తీసింది. దోషం ఈ పిల్లదేనని రుజువు చేసి తీరాలని పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రింటర్ తీగ పీకి చూసింది. మూసుకుంది. నెట్ తీగ మార్చింది. మూసుకుంది. కెమెరా, హెడ్‌ఫోన్, స్పీకర్లు. ఒక్కొక్కటీ ఊడదీయడం, ప్రోగ్రామ్ తెరవడం, అది మూసుకోవడం. మౌస్ కూడా పక్కింటిది తెచ్చి పెట్టి చూసింది. ఇక ఏమీ మిగల్లేదు అని నడుం నిఠారు చేసింది.

"ఆ కాలి కింద ఉన్నదేంటి?" అంది గుమ్మంలోంచి ఆడపడుచు.

అది పెడల్ అంది టైపు వదిన, ఇది నా చెయ్యి అన్నట్టుగా. అది తీయకూడదు అంది. ఎవరు చెప్పారు అని ఆ పిల్ల అడిగింది. మేడమ్ అని జవాబు చెప్పబోయి ఆమె నోరు అక్కడే ఆగింది. ఎవరు తీయొద్దన్నారో ఆ మనిషి పేరు నాలుక మీదికి రాగానే, ఫోన్లో నవ్విన నూనె గొంతు కూడా దాని వెనకే వచ్చింది. బల్ల కిందికి చెయ్యి పెట్టింది. ఏళ్ళ తరబడి ఎవరూ తాకని తీగ, దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంది. లాగింది.

ప్రోగ్రామ్ తెరుచుకుంది. మూసుకోలేదు.

ముఖం చూపించమంది, కెమెరా మళ్ళీ తగిలించి చూపించింది. మీ కంప్యూటర్‌ను పరిశీలిస్తున్నాం అంది. గదిలో ముగ్గురు ఆడవాళ్ళూ తెరనే చూస్తున్నారు. కాసేపటికి మాటలు వచ్చాయి: "ఈ తెరను దూరం నుంచి చూసేందుకు పెట్టిన ప్రోగ్రామ్ ఒకటి ప్రస్తుతం ఆగి ఉంది. పేరు: పెడల్ సహాయకుడు. దాన్ని పూర్తిగా తొలగించాకే పరీక్ష మొదలవుతుంది."

తొలగించబోయింది. సంస్థ పాస్‌వర్డ్ కొట్టండి అంది తెర.

కుంటివాడికి కర్ర ఇచ్చినట్టు ఇచ్చి, ఆ కర్రలో కన్ను పెట్టారు. తీగ తగిలి ఉన్నంతసేపూ ఆ కన్ను తెరిచే ఉంటుంది. అందుకే తీయొద్దన్నారు. పని పోతుందన్న బెదిరింపు ఒక్కటి చాలింది, ఆ కన్నుకు ఆడవాళ్ళే కాపలా కాశారు. ఇన్నాళ్ళూ దుమ్ము కూడా దులపకుండా కాశారు. కంపెనీవాళ్ళు తమ పని ఎంత వేగంగా సాగుతోందో చూసుకోవడానికి కదా అని ఎవరైనా అంటారేమో. మరి టైపు ఆగిపోయాక, మధ్యాహ్నం ఆ తెర మీదికి ఎవరొస్తారో వాళ్ళ సంగతేమిటి? ఆడపడుచు గీసిన ప్రతి గోడా చూశారు. నడుము నొప్పికి భర్త తీయించుకున్న స్కాను ఆ తెర మీద తెరిస్తే అదీ చూశారు. దరఖాస్తు నింపుతుంటే ప్రతి అక్షరం చదివారు.

అత్తగారికి ఆలస్యంగా వెలిగింది. "నేను మా చెల్లితో వీడియోలో మాట్లాడింది కూడా చూశారంటావా అమ్మాయ్?"

చూసే ఉంటారంది కోడలు. విన్నారా కూడా అని ఆవిడ ఇంకోసారి అడిగింది. ఏమో, విని ఉండొచ్చు. ఆవిడ గరిటె కిందికి దించింది. అయితే నీ గురించి నేనన్నవన్నీ ఆ మేడమ్‌కి ముందే తెలుసన్నమాట, నీకే తెలియదు అంది. ఎవరికీ నవ్వు రాలేదు, వచ్చినా ఎవరూ బయటపెట్టలేదు.

టైపు వదిన లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆడపడుచు పక్కనే నేల మీద కూర్చుంది. ఊరందరి మాటలూ ఏళ్ళ తరబడి కామా కూడా పోకుండా రాసిన మనిషికి తన మాట ఒక్కటి దొరకలేదు. తప్పైపోయిందే అని మాత్రం అంది.

"అది తర్వాత తేల్చుకుందాం వదినా," అంది ఆ పిల్ల, ఇంకా కళ్ళలోకి చూడకుండా. "మీ మేడమ్‌తో ముందు తేల్చుకో."

సాయంత్రం డబ్బా డాక్టరు ఇంటికొచ్చి చూసి నోరు తెరిచాడు, తెరిచిన నోటితోనే ఉపాయం చెప్పాడు. పెట్టె మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తానన్నాడు. తెల్లారేసరికి అద్దంలా చేసిస్తాను, ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు, పరీక్ష హాయిగా రాసుకో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. దొంగ పాదముద్ర మీద నీళ్ళు పోసి కడిగేస్తే రేపు దొంగ ఎవరని అడిగితే ఏం చూపించాలి? అసలిది తన ఒక్కదాని పెట్టెలోనే ఉందా?

తెలుసుకోవడానికి ఫోన్ పనికిరాదు. గ్రూపులో రాస్తే మేడమ్ చదువుతుంది. అందుకని శనివారం పొద్దున్నే వదినా ఆడపడుచులిద్దరూ పెన్‌డ్రైవ్ పట్టుకుని టైపు ఇళ్ళన్నీ తిరిగారు. తలుపు తట్టడం, కంప్యూటర్ పెట్టించడం, పరీక్ష ప్రోగ్రామ్ నొక్కడం. అన్ని ఇళ్ళల్లోనూ అదే కథ. పెడల్ ఉంటే మూసుకుంటుంది, పీకితే తెరుచుకుంటుంది. ఒకావిడ తన మొగుడే తన మీద నిఘా పెట్టాడని నెలరోజులుగా ఆయనతో మాట్లాడటం లేదట. ఆమె సంగతులు మేడమ్ నోట విని, అవి మేడమ్‌కు ఎలా చేరాయో తెలియక, ఆ నింద ఆయన నెత్తిన వేసింది. ఇంకొకావిడ పక్కింటామెతో తెగతెంపులు చేసుకుంది. మీ కన్ను పడిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దొంగ అయ్యారు. మీరు తప్ప.

మధ్యాహ్నానికి అందరూ టైరు షాపు మెట్లెక్కారు. ఎవరి పెడల్ వాళ్ళ చేతిలో, తీగ మణికట్టుకు చుట్టుకుని. టైపు వదిన భర్త సెలవు పెట్టుకుని వచ్చి కంప్యూటర్ పెట్టెను భుజాన మోసుకొచ్చాడు. గాజు తలుపు తోసేసరికి మేడమ్ గబుక్కున తన తెర ఆర్పేసింది, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఎవరూ ఇంకా నోరైనా విప్పలేదు.

మేడమ్ కుర్చీలు వేయించింది. ఎవరూ కూర్చోలేదు. మేడమ్ వాదన ఒక్కటే: ఇందులో దాపరికం ఏముంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రశ్న వచ్చింది, మీరే అవును నొక్కారు.

"పెడల్‌కి అవునన్నాం," అంది టైపు వదిన. "ఇంటికి అనలేదు."

అప్పుడు మేడమ్ ఆమెను గాజు తలుపు అవతలికి, మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. గొంతుకు ఇంకాస్త నూనె రాసింది. నీకు పరీక్ష ఉంది, టైమవుతోంది, నాకు తెలుసు కదమ్మా అంది. నీ ఒక్క పెట్టెలో ఇప్పుడే తీసేస్తాను, పాస్‌వర్డ్ నిమిషం పని, ఆ పెడల్ కూడా ఉంచుకో, వీళ్ళని మాత్రం నచ్చజెప్పి ఇంటికి పంపించెయ్ అంది. నువ్వెలాగూ వెళ్ళిపోయేదానివి, వీళ్ళ గొడవ నీకెందుకు అంది.

టైపు వదిన గోడ గడియారం చూసింది. సాయంత్రానికి ఎంతో లేదు. పేరు పడే కాగితం కళ్ళ ముందే కనబడుతోంది, దాని కింద తన సంతకం చోటు ఖాళీగా. అటు చూస్తే గాజు అవతల నెలరోజులుగా మొగుడితో మాట్లాడనావిడ తన పెడల్‌ను పసిపిల్లలా చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన ఆడపడుచు. పొద్దుటినుంచీ వీధులన్నీ కలిసి తిరిగినా ఒక్కసారి కూడా కళ్ళలోకి చూడని పిల్ల ఇప్పుడు మాత్రం రెప్ప వేయకుండా చూస్తోంది. వదిన ఏం చేస్తుందోనని. ఆ చూపులో అనుమానం ఉంది. ఉండాల్సిందే.

టైపు వదిన తలుపు బార్లా తెరిచింది. మెట్ల దగ్గర మేడమ్ చెప్పినదంతా, విన్నది విన్నట్టు, ఒక్క ముక్క పోకుండా అందరికీ వినబడేలా చెప్పింది. అది ఆమె పని. తర్వాత భర్త చేత పెట్టెను మేడమ్ బల్ల మీద, ఆవిడ కాగితాల పైనే దింపించింది. ఆడపడుచు అడగకుండానే తీగలు తగిలించింది.

"కూర్చోండి మేడమ్," అంది. "పాస్‌వర్డ్ కొట్టండి. మా అందరి ముందు, ఇప్పుడే. ముందు ఈ పెట్టెలో తీయండి. తర్వాత లేవండి, మీరు మాతో వస్తున్నారు, ఇంటింటికీ వచ్చి ప్రతి పెట్టెలోనూ మీ చేత్తోనే తీస్తారు. ఇన్నాళ్ళూ మా ఇళ్ళనుంచి ఏమేం చూశారో, ఎక్కడ దాచారో, మాకు చూపించి మా ఎదుటే చెరిపేయండి. ఎవరి సంగతి ఎవరి ఇంటినుంచి తీశారో ఆ గుమ్మంలో నిలబడి, ఆ ఇంట్లోవాళ్ళ మొహం చూసి, చెప్పింది వీళ్ళు కాదు, చూసింది మేమే అని మీ నోటితో చెప్పండి. నా పరీక్ష పోతే పోనివ్వండి, అదీ మీ ఖాతాలోదే. అవన్నీ అయ్యేదాకా ఈ గది తలుపు మూయడం కుదరదు. కొట్టండి."